ఎక్కినవాళ్లం దిగాలి కదా!



అరవై దాటినవాళ్లు ఇంట్లో కొండ ఊసెత్తితే ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే: "ఈ వయసులో ఎక్కగలరా?" పిల్లలు అడుగుతారు, పక్కింటివాళ్లు అడుగుతారు, రాత్రి పడుకున్నాక మనల్ని మనమే ప్రశ్నించుకుంటాం. రోజూ పార్కులో నాలుగు చుట్లు నడిచేవాళ్లయితే "ఆ మాత్రం ఓపిక ఉందిలే" అనుకుని టికెట్లు కొనేస్తారు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదుగానీ, అది సగం ప్రశ్నే. మిగతా సగం ఎవరూ అడగరు. ఎక్కాక దిగగలరా? వయసు మీదపడ్డాక కొండ మనల్ని గట్టిగా పరీక్షించేది దిగేటప్పుడే. ఇవాళ ఆ సంగతి మాట్లాడుకుందాం. దానికి ఒంటిని ఎలా సిద్ధం చేసుకోవాలో కూడా చెప్పుకుందాం.

తిరుమల వెళ్లినప్పుడు ఈ సంగతి మనకు తెలిసిరాదు. అలిపిరిలో మొదలుపెట్టి గోవింద నామం చెప్పుకుంటూ 3,550 మెట్లు ఎక్కుతాం. గాలిగోపురం దగ్గర కాసేపు కూలబడతాం, మోకాళ్ల పర్వతం దగ్గర ఇంకాసేపు. దర్శనం అయ్యాక చాలామందిమి బస్సెక్కి ఘాట్ రోడ్డు మీదుగా కిందికి వచ్చేస్తాం. దిగే కష్టం బస్సు పడుతుంది.

సలేశ్వరంలో ఆ వెసులుబాటు లేదు. నాగర్‌కర్నూల్ జిల్లాలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల, చైత్ర పౌర్ణమికి జరిగే జాతర అది. అక్కడ ముందు దిగాలి. బండ్లు ఆగిన చోటి నుంచి రాళ్ల దారిలో లోయలోకి దిగితే అడుగున జలపాతం, గుండం, గుహలో లింగమయ్య. పోయేటప్పుడు "వస్తున్నం లింగమయ్యా" అంటూ జనం హుషారుగానే బయల్దేరతారు. కాస్త దూరం పోయేసరికి పెద్దవాళ్ల నడక మారిపోతుంది. ఒకాయన పక్కకు తిరిగి, ఒక కాలు దించి, రెండోది దాని పక్కకు చేర్చి, మళ్లీ మొదటిది దించుతూ ఉంటాడు. ఒకావిడ చెట్టు వేరు పట్టుకుని, కింద రాయి అందుతుందో లేదో అని పాదంతో తడుముకుంటుంది. ఆయాసం ఎవరికీ ఉండదు, మాటలు బాగానే సాగుతుంటాయి. ఆగి నిలబడితే మాత్రం తొడలు వాటంతటవే వణుకుతుంటాయి. చెప్పులోంచి ముందుకు జారిన బొటనవేలు రాయిని కరుచుకుని ఉంటుంది. అసలు ఎక్కుడు ఇంకా మొదలే కాలేదు, ఇంతలోనే కాళ్లు అరువుకొచ్చిన కాళ్లయిపోయాయి.

దీని వెనక కారణం తెలుసుకుంటే సాధన సగం అర్థమైనట్టే. ఎక్కేటప్పుడు తొడ ముందువైపు కండరం కుంచించుకుంటూ ఒంటిని పైకి లేపుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ ఒంటి బరువును ఆపాలి. మిట్టలో బండిని లాగిన ఎడ్లే పల్లం వచ్చేసరికి కాళ్లు తన్నిపెట్టి, వెనకనుంచి తోసుకొచ్చే బండిని కాడితో ఆపుతాయి చూడండి, అచ్చం ఆ పనే. సాగుతూ బరువు ఆపే ఈ పనికి ప్రాణవాయువు తక్కువే పడుతుంది. అందుకే ఆయాసం రాదు, గుండె దడదడలాడదు. కానీ కండరం లోపలి సన్నని పోగులు దెబ్బతినేది ఇందులోనే. ఒకటి రెండు రోజుల తరువాత మంచం దిగుతుంటే అబ్బా అనిపించే నొప్పులు అక్కడినుంచే వస్తాయి. ఎక్కేటప్పుడు ఆయాసమే మనల్ని ఆపి కూర్చోబెడుతుంది. దిగేటప్పుడు అలా హెచ్చరించేది ఏదీ ఉండదు. కండరం అలిసిపోయిందని మోకాలు మడతపడ్డాకే తెలుస్తుంది.

ఇక్కడ వయసు పాత్ర ఏమిటి? ముప్పై దాటినప్పటినుంచి పదేళ్లకోసారి లెక్కేస్తే కండ మూడు నుంచి ఎనిమిది శాతం దాకా తగ్గుతుంది. అరవై తరువాత ఆ తరుగుడు ఇంకా వేగంగా ఉంటుంది. కండ తగ్గినదానికంటే బలం ఎక్కువ తగ్గుతుంది. బలం కంటే ముందు చురుకుదనం పోతుంది. రాయి తగిలి తూలినప్పుడు రెండో కాలు చటుక్కున ముందుకు పడాలి, ఆ చటుక్కుమనడమే వయసుతో మందగిస్తుంది. దానికి తోడు చూపు, పాదాల స్పర్శ, చెవి లోపలి తూకం ఒక్కొక్కటీ కాస్త కాస్త తగ్గుతాయి. సమతలం మీద పార్కు నడకలో వీటిలో ఏదీ బయటపడదు. పార్కు నడక గుండెకు మంచిదే. కొండ దిగడానికి మాత్రం అది చాలదు.

అయితే ఇదంతా వయసు ఒక్కటే చేసిన పనా? 1966లో అమెరికాలోని డల్లాస్‌లో అయిదుగురు ఇరవయ్యేళ్ల కుర్రాళ్లను మూడు వారాలపాటు మంచం మీదనే ఉంచి చూశారు. శ్రమ చేసేటప్పుడు ఒళ్లు ఎంత ప్రాణవాయువు వాడుకోగలదో ముందూ వెనకా కొలిచారు. ముప్పై ఏళ్ల తరువాత, వాళ్లు యాభైకి వచ్చాక, ఆ అయిదుగురినే పిలిచి మళ్లీ కొలిచారు. ముప్పై ఏళ్ల వయసు తగ్గించినదానికంటే ఆనాటి మూడు వారాల పడక తగ్గించిందే ఎక్కువని తేలింది. పైగా ఆరు నెలల సాధనతో, ఆ ముప్పై ఏళ్లలో పోయిన ఓపికను వాళ్లు తిరిగి రాబట్టుకున్నారు. మనం వయసు ఖాతాలో రాసుకునే నష్టంలో కూర్చోవడం వల్ల వచ్చింది చాలా ఉంటుందన్నమాట.

బలం సంగతీ అంతే. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఉన్న తొంభై ఏళ్లవాళ్లు పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించే వ్యాయామం చేయించారు. సాధన పూర్తిచేసినవాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో పెరిగిన బలం అరవై అయిదులో పెరగకపోవడానికి కారణం కనిపించదు.

కొండలకు అలవాటుపడ్డవాళ్ల జీవితాలు చూసినా ఇదే కనిపిస్తుంది. వేటగాడు జిమ్ కార్బెట్‌ను తీసుకోండి. కుమావూ కొండల్లో థాక్ గ్రామాన్ని హడలెత్తించిన మనిషితిండి పులిని 1938 నవంబరులో ఆయన మట్టుపెట్టినప్పుడు వయసు 63. ఆ తరువాత రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, డెబ్భైకి దగ్గరపడుతూ, సైనికులకు అడవిలో మెలిగే విద్య నేర్పాడు. ఆయన ప్రత్యేకంగా వ్యాయామం చేసినవాడు కాదు. ఎండాకాలం నైనీతాల్‌లో, చలికాలం కిందనున్న కాలాఢూంగీలో గడిపిన కుటుంబం వాళ్లది. చిన్నప్పటినుంచి ఆ మధ్య కొండదారి ఎక్కడం, దిగడం ఆయన బతుకులో భాగం. వేటగాడు జంతువు వెంట పోయేటప్పుడు పల్లంలో చప్పుడు కాకుండా దిగాలి. పాదం మెల్లగా మోపి, నేల గట్టిదో కాదో చూసుకుని, అప్పుడు బరువు వేయాలి. ఇందాక చెప్పిన సాగే కండరానికి అంతకు మించిన కసరత్తు ఉండదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. తుపాకీ ఎటూ పట్టం, ఆ నడక మాత్రం నేర్చుకోవచ్చు.

ఇంకొకాయన జపాను దేశస్థుడు యూయిచిరో మియురా. ఎవరెస్టును 70లో ఒకసారి, 75లో ఒకసారి, 80 ఏళ్ల వయసులో 2013 మే 23న మూడోసారి ఎక్కాడు. గుండె లయ తప్పితే ఆపరేషన్లు చేయించుకుని మరీ వెళ్లాడు. కాళ్లకు బరువులు కట్టుకుని, వీపున మూట వేసుకుని నగర వీధుల్లో నడవడం ఆయన సాధన. ఆయన శిఖరం ఎక్కిన ఫొటో లోకమంతా చూసింది. తిరుగుదారిలో రెండో శిబిరం నుంచి ఆయన్ని హెలికాప్టరులో దించాల్సి వచ్చిన సంగతి చాలామందికి తెలియదు. అంతటివాడికీ దిగడమే కష్టమైంది.

ఇక సాధన సంగతికి వద్దాం. ముందు మన స్థితి తెలుసుకోవాలి. చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి కూర్చోండి. చేతులు రొమ్ము మీద కట్టుకుని, ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి. అమెరికా ఆరోగ్య సంస్థ వాడే కొలత ప్రకారం 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు కనీసం 14 సార్లు, ఆడవాళ్లు 12 సార్లు లేవాలి. 65 నుంచి 69 ఏళ్లవాళ్లయితే 12, 11. అంతకు తక్కువ వస్తే కొండకు తొందరపడకండి, ముందు కుర్చీతోనే మొదలుపెట్టండి. రెండో పరీక్ష, ఏదో ఒకటి అందేంత దగ్గరలో నిలబడి ఒంటికాలి మీద పది సెకన్లు నిలవగలరా అని.

కొండకు బయల్దేరే తేదీ ఖాయం కాగానే అక్కడినుంచి పన్నెండు వారాలు వెనక్కి లెక్కేయండి. సాధన మొదలయ్యే రోజు అదే. మొదటి నెల కుర్చీ, గోడ, మెట్టు చాలు. కుర్చీలోంచి మామూలుగా లేవండి, కూర్చునేటప్పుడు మాత్రం నాలుగు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దిగండి. చివర్లో ధబీమని పడితే ఆ చివరి బెత్తెడులోనే మీ బలం లేదని అర్థం. గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించండి. వారానికి రెండు మూడు రోజులు చేస్తే సరిపోతుంది. మధ్యలో ఒక రోజు విశ్రాంతి ఉండాలి, కండ పెరిగేది ఆ విశ్రాంతిలోనే.

ఆ తరువాత అసలైన సాధన, మెట్టు దిగడం. మెట్ల వరసలో అన్నింటికంటే కింది మెట్టు మీద, పిట్టగోడ పట్టుకుని నిలబడండి. కుడికాలి మీద బరువు ఉంచి, ఎడమకాలు ముందుకు చాపి, మడమను నేలకు దించండి. మూడు అంకెలు లెక్కపెట్టేంత మెల్లగా దించాలి. నేల తగిలీ తగలగానే బరువు వేయకుండా మళ్లీ వెనక్కి తీసుకోండి. ఈలోగా కుడి మోకాలిని చూస్తూ ఉండండి. అది లోపలికి, రెండో మోకాలి వైపు ఒరిగిపోతుంటే తుంటి బలం చాలడం లేదన్నమాట. మోకాలి చిప్ప రెండో వేలికి సూటిగా ఉండాలి. ఒక్కో కాలికి ఎనిమిదిసార్లతో మొదలుపెట్టండి. నాలుగోసారికే తొడ మండితే ఆశ్చర్యపోకండి, ఇన్నాళ్లూ ఆ పని చెప్పలేదు కాబట్టి మండుతోంది.

అపార్టుమెంట్లలో ఉండేవాళ్లకు ఇంకో మంచి ఉపాయం ఉంది. లిఫ్టులో పైకి వెళ్లండి, మెట్ల మీదుగా దిగండి. తైవాన్‌లో అరవై దాటి బరువు ఎక్కువగా ఉన్న 30 మంది ఆడవాళ్లను రెండు జట్లు చేసి 12 వారాలు చూశారు. ఒక జట్టు మెట్లు ఎక్కి లిఫ్టులో దిగింది. రెండో జట్టు లిఫ్టులో ఎక్కి మెట్లు దిగింది. తొడల బలం, తూకం, రక్తపోటు, ఎముక గట్టిదనం, వీటన్నిటిలో మెట్లు దిగినవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. మొదటి వారం రెండంతస్తులు చాలు. దిగడానికి అలవాటు లేని ఒంటికి ఒక్కసారిగా పదంతస్తులు పెడితే మూడు రోజులు నడక కుంటుతుంది. ఒకసారి నొప్పి పడి కోలుకున్న కండరానికి మాత్రం కొన్ని వారాలపాటు రక్షణ దొరుకుతుంది. మళ్లీ అదే పని చెప్పినా అంతగా దెబ్బతినదు. అందుకే ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు ఒక చిన్న గుట్ట ఎక్కి దిగి రావడం ఎంతో ఉపయోగం.

ఇక సంచీ. ఆఖరి నెలలో మీరు కొండకు మోసుకెళ్లే సంచీనే, మీరు తొడుక్కునే బూట్లతోనే, మెట్ల మీద మోయండి. లీటరు నీళ్ల సీసాలు రెండింటితో మొదలుపెట్టి ఒక్కొక్కటి కలుపుకుంటూ పొండి. ఒంటికాలి మీద నిలబడటానికి వేరే సమయం అక్కర్లేదు, పళ్లు తోముకునేటప్పుడు చెరో నిమిషం చాలు. 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు నడక లాంటి వ్యాయామం, రెండు రోజులు బలం పెంచే పని, మూడు రోజులు తూకం నిలిపే సాధన చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మనలో చాలామంది మొదటిదాంతోనే ఆగిపోతాం.

"మోకాళ్లు అరిగాయన్నారు, మెట్లు దిగితే ఇంకా అరిగిపోవా?" అని కొందరు అడుగుతారు. కీళ్ల అరుగుదలకు తొడ బలం పెంచే వ్యాయామం మొదటి వైద్యాల్లో ఒకటి. కాకపోతే ఫిజియోథెరపిస్టును కలిసి ఎంత, ఎలా అన్నది తెలుసుకుని చేయాలి. చేస్తుంటే కాస్త నొప్పి ఉండి మర్నాటికి తగ్గితే ఫరవాలేదు. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా ఆపేయాలి.

తిండి దగ్గర ఒక్క మాట. కండకు మాంసకృత్తులు కావాలి. పెద్ద వయసులో రోజుకు కిలో బరువుకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా అవసరమని నిపుణుల అభిప్రాయం. అరవై కిలోల మనిషికి అరవై గ్రాములకు పైమాటే. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాహ్నం చారన్నం, రాత్రి పెరుగన్నం అంటే ఆ లెక్క సగానికి కూడా రాదు. పూట పూటకీ పప్పో, గుడ్డో, చేపో, శనగలో, పాలో విస్తట్లో పడాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరునడిగే పెంచుకోవాలి.

డాక్టరు మాట వచ్చింది కాబట్టి మందుల సంగతీ చెప్పాలి. బయల్దేరే ముందు గుండె పరీక్ష చేయించుకోండి. రక్తపోటుకు మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకు ఎంత శ్రమపడినా నాడి పెద్దగా పెరగదు. చేతి గడియారంలో కనిపించే అంకెను చూసి ధైర్యపడకండి. పక్కనున్న మనిషితో ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలుగుతున్నారా అన్నదే మీ కొలత. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడే మధుమేహులకు నడకలో చక్కెర పడిపోవచ్చు. అప్పుడు పట్టే చెమటను, వణుకును అలసటగా పొరబడే ప్రమాదం ఉంది. జేబులో గ్లూకోజు పొట్లం ఉండాలి. ఛాతీ పట్టేసినట్టు అనిపించినా, నొప్పి దవడకో చేతికో పాకినా ఇంకో పది మెట్లే కదా అనుకోకండి. అక్కడే కూర్చుని సాయం పిలవండి.

అయ్యప్ప దీక్ష తీసుకునేవాళ్లకు ఈ సాధనకు సగం కాలం సంప్రదాయమే కేటాయించి పెట్టింది. మండల దీక్ష 41 రోజులు, దాదాపు ఆరు వారాలు. తెల్లవారుజామున లేవడం, మితాహారం, చెప్పులు లేని నడక ఎటూ ఉన్నాయి. స్వాములు వాటికి రోజూ కాసిన్ని మెట్లు ఎక్కి దిగడం కలుపుకుంటే చాలు. పంబ నుంచి నీలిమల, అప్పాచిమేడు ఎక్కుడు గుండెకు ఎంత కఠినమో, అక్కడే హృద్రోగ చికిత్సా కేంద్రాలు పెట్టాల్సి రావడమే చెబుతుంది. తిరిగి పంబకు దిగేటప్పుడు, ఇరుముడి బరువు తగ్గింది కదా అని పరుగందుకునేవాళ్లే ఎక్కువ. తడి రాళ్ల మీద జారిపడేదీ అప్పుడే.

కొన్ని కొండలు వయసు అడుగుతాయి. ప్రభుత్వం నడిపే కైలాస మానససరోవర యాత్రకు, అమర్‌నాథ్‌కు 70 ఏళ్లు హద్దు. కైలాసానికి ఎత్తుకు తగ్గ బరువు కూడా చూస్తారు. అక్కడి ఎత్తులు వేరు, గాలి వేరు. సాధన ఎంత చేసినా 2,500 మీటర్లు దాటాక ఒళ్లు అలవాటుపడటానికి రోజులు ఇవ్వాల్సిందే. మన చుట్టుపక్కల కొండలకు అలాంటి షరతులు పెట్టేవాళ్లు లేరు. అహోబిలంలో ఉగ్రస్తంభం దారి మొదట్లో మీ వయసెంతని ఎవరూ ఆపరు. కాబట్టి ఆ పరీక్ష మనమే పెట్టుకోవాలి.

కొండ మీద పాటించాల్సినవి కొన్నే. రెండు చేతికర్రలు పట్టుకోండి. ఏటవాలు దిగేటప్పుడు మోకాలి మీద పడే భారాన్ని అవి 12 నుంచి 25 శాతం దాకా తగ్గిస్తాయని సాల్జ్‌బర్గ్ పరిశోధకులు కొలిచి చెప్పారు. దిగేటప్పుడు కర్రల పొడవు కాస్త పెంచుకోండి. అడుగులు చిన్నవిగా వేయండి, మోకాలు ఎప్పుడూ కొద్దిగా వంగే ఉండాలి. బూటు లేసులు దిగే ముందు మళ్లీ బిగించుకుంటే వేళ్లు ముందుకు జారవు. వయసుతో దాహం మందగిస్తుంది కాబట్టి దాహం వేసేదాకా ఆగకుండా గుక్కెడు గుక్కెడు తాగుతూ ఉండండి. అన్నిటికీ మించి, ఉన్న ఓపికంతా పైన ఖర్చుపెట్టేయకండి. ఎక్కుతూ సగం దారిలో ఆగినప్పుడు ఇప్పటివరకు వచ్చినంత దూరం ఇప్పుడే దిగగలనా అని ఆలోచించండి. జవాబు గట్టిగా రాకపోతే వెనక్కి తిరగడానికి అదే సరైన చోటు. కొండ ఎక్కడికీ పోదు, ఇంకో పన్నెండు వారాల సాధన తరువాత మళ్లీ రావచ్చు.

ఈ ప్రసంగం అయిపోగానే కుర్చీ ఒకటి గోడకు ఆనించండి. ముప్పై సెకన్లు లెక్కపెట్టడానికి ఇంట్లో ఒకరిని పిలవండి. వచ్చిన అంకెను క్యాలెండరులో ఇవాళ్టి తేదీ పక్కన రాసి పెట్టుకోండి, నెల తరువాత మళ్లీ కొలవండి. ఈసారి ఇంట్లో ఎవరైనా "ఈ వయసులో ఎక్కగలరా?" అని అడిగితే, దిగడం నేర్చుకుంటున్నానని చెప్పండి.